ఊక మింగిన బంగారం

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, నాట్లు ముగుస్తున్న రోజుల్లో, నన్ను తెనాలి శివార్లలోని ఖనిజ పరీక్షా కేంద్రానికి సీనియర్ మెటలర్జిస్టుగా వేశారు. తెనాలిలో బంగారం ఎక్కడుందని బంధువులు అడిగారు. కొట్లలో ఉందన్నాను.

మాకు వచ్చేది మొండి ఖనిజం. అందులో బంగారం గంధకపు రాయిలో ఇరుక్కుని ఉంటుంది. ఎంత మెత్తగా నూరినా బయటపడదు. ముందు కొలిమిలో కాల్చి గంధకాన్ని వదిలించి, ఆ పొడిని సైనైడ్ నీళ్లలో కలిపితే బంగారం నీళ్లలోకి దిగుతుంది. పుస్తకంలో ఇంతే.

మా దగ్గర దిగేది, మళ్లీ మాయమయ్యేది. మొదటి రెండు పరీక్షల్లోనూ పొద్దున నీళ్లలో కనిపించిన బంగారం సాయంత్రానికి లేదు. మూడోది ఆ ఖనిజం పంపిన గని కంపెనీ ఇంజనీరు ఎదుట చెయ్యాలి. అదీ తప్పితే కేంద్రానికి తాళమే. మా జనరల్ మేనేజర్ డేవిడ్ గారు రోజూ బాపట్ల నుంచి వస్తూనే "ఏంటండీ, ఉందా, పోయిందా?" అనేవారు, ఆస్పత్రిలో ఉన్న చుట్టం గురించి అడిగినట్టు.

ఒకరోజు కాల్చిన పొడిని ఉత్త నీళ్లలో కలిపి చూశాను. నల్లటి నలుసులు తేలాయి. రేపల్లె రైల్లో వచ్చే మా కెమిస్టు శేషుకుమారి ఒకటి తీసి నలిపింది.

"సార్, ఇది ఊకండీ!"

డీజిల్ మిగులుతుందని డేవిడ్ గారు పొన్నూరు మిల్లుల ఊకతో కొలిమి వెలిగించేవారు. వరి పండే చోట ఎవరైనా అదే చేస్తారు. సగం కాలిన ఊక బొగ్గై పొడిలో రాలేది. నీళ్లలోని బంగారాన్ని బొగ్గు పట్టేసుకుంటుంది. పెద్ద ప్లాంట్లలో కొబ్బరిచిప్పల బొగ్గు కొని మరీ చివర్లో ఆ పని చేయిస్తారు. మేం పిలవకుండానే, మొదట్లోనే చేయించాం.

ఆ రెండు పరీక్షల్లో అడుగున మిగిలి, పారేయబోయిన మడ్డిలోంచి అలాంటి నలుసులే తీసి, బూడిద చేసి, సీసంతో కరిగించాం. ఆ సీసాన్నీ కాల్చి వదిలించాక ఆవగింజలో సగమంత పసుప్పచ్చ పూస మిగిలింది. శేషుకుమారి "దొరికాడు దొంగ!" అంది.

మూడో పరీక్షకు కరెంటు కొలిమి వాడాం. సాయంత్రం ఇంజనీరు నీళ్లు తనే తీసి, తనే కొలిచి, నమ్మకం చాలక మళ్లీ కొలిచారు. బంగారం నీళ్లలోంచి కదల్లేదు. తమ గని మూయక్కర్లేదన్నమాట అన్నారు. మా కేంద్రం కూడా అన్నాను.

"అయితే మన ఊకలో గుణం ఉన్నట్టేగా?" అన్నారు డేవిడ్ గారు.

"ఉందండి. కాస్త ముందొచ్చింది."

బంగారం రాకపోతే ఖనిజాన్ని తిట్టడం మా వృత్తిలో రివాజు. ఆ తర్వాత నేను ముందు పొయ్యిలోకి తొంగిచూసేవాణ్ణి.