సరైన జవాబుకు మెరుపులు

అప్పట్లో నేను కలకత్తాలో, పిల్లల కోసం లెక్కల సీడీలు తయారుచేసే చిన్న కంపెనీలో ప్రోగ్రామర్‌ని. జవాబు సరైనదైతే తెరంతా ఎరుపు, తెలుపు రంగుల్లో టపటపా మెరిసేలా రాశాను. వరసగా పది సరిగ్గా చేస్తే మెరుపులు చాలాసేపు ఆగేవి కావు. అది నా సొంత ఆలోచన. మహా గర్వంగా ఉండేది.

ఊరి పక్కనే ఉన్న లిలువాలో రైల్వే వర్క్‌షాపు వాళ్ల పిల్లలు చదివే తెలుగు బడిలో మొదట పెట్టి చూశాం. లెక్కల టీచరమ్మ మొదటి వారమే అంది: "ఆ వెలుగుకి నాకే కళ్లు తిరుగుతున్నాయండి. కాస్త తగ్గించలేరా?"

"పిల్లలకి అదే ఇష్టం మేడమ్," అని నవ్వేశాను.

మరుసటి వారం ఆరో తరగతి అమ్మాయి, అందరిలోకీ చురుకైనది, పది లెక్కలూ గబగబా చేసేసింది. తెర మెరవసాగింది. పిల్ల చూపు నిలిచిపోయింది. ఒళ్లు బిగుసుకుని, కుర్చీలోంచి పడి గిలగిలా కొట్టుకుంది. టీచరమ్మ బెంచీలు పక్కకు లాగి, పిల్లను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టింది. నేను మానిటర్ ఆపేశాను. పిల్ల కోసం కాదు, ఆ మెరుపులు ఎవరి కంటా పడకూడదని.

తల్లి పరుగున వచ్చింది. "పొద్దున్న ఏటీ తినకుండా ఒచ్చీసినాది బాబూ. నాదే తప్పు," అని ఏడ్చింది.

నేను అవునన్నట్టు తలూపాను.

మూడు రోజులకు తండ్రి వచ్చాడు. "పడిపోయినప్పుడు పిల్ల ఏటి సూస్తన్నాదని డాక్టరు అడుగుతున్నాడు. కొందరు పిల్లలకి మెరుపులు సూస్తే ఫిట్స్ ఒస్తాయట."

అప్పుడు అంతా చెప్పాను.

"ఆ దినమే ఎందుకు సెప్పలేదు? మా ఆడది తిండి మానీసి కూకున్నాది," అన్నాడాయన.

"మెరుపులు తీసేస్తే ఎవరు కొంటారు దాదా?" అన్నాడు మా బెంగాలీ యజమాని. అయినా తీసేశాను. వాటి బదులు పచ్చటి టిక్కు నెమ్మదిగా కనిపించేలా మార్చాను. సీడీలు ఇచ్చిన బళ్లన్నీ తిరిగి పాతవి వెనక్కి తెచ్చాను. ఎవరెవరు కాపీ చేసుకున్నారో మాత్రం ఇప్పటికీ తెలీదు.

మందులతో పిల్ల కోలుకుంది. కొత్త సీడీ తీసుకెళ్లినప్పుడు గుమ్మంలోనే నిలబడి అడిగింది: "నాను లెక్క తప్పు సేసుంటే పడిపోకపోదును కదా సార్?"

"తప్పు నాదమ్మా," అన్నాను.

వచ్చి కూర్చుంది. మొదటి లెక్క చాలా తేలికైనది. కావాలనే తప్పు అంకె నొక్కింది.