ఏటి ఒడ్డున ఆగిపోయిన సినిమా

నిన్న సాయంత్రం, రేపల్లెలో మా ఇంట్లో పప్పుకు తాలింపు పెడుతుంటే, ముందుగదిలో ఒరలోంచి కత్తి జారిన చప్పుడైంది. ఆ వెనకే ఒక ఆడగొంతు చైనా భాషలో నెమ్మదిగా ఏదో అంది. ముక్క అర్థం కాకపోయినా నా పెదాలు వాటంతటవే కదిలాయి. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎండుమిరపకాయలు మాడిపోయాయి.

ఆ గొంతు నాకు తెలుసు. రెండువేల తొలి సంవత్సరాల్లో, తెనాలిలో, ఎస్తేరు టీచర్ గారింట్లో విన్నాను. ఆవిడ మా పక్కింట్లో ఉండేవారు. హైస్కూల్లో ఇంగ్లిషు చెప్పి రిటైరయ్యారు. భర్త బతికున్న రోజుల్లో ఇద్దరికీ చైనా కత్తియుద్ధాల సినిమాలంటే ప్రాణమట. ఆయన పోయాక ఆ సీడీలూ పాత ప్లేయరూ మిగిలాయి, ఆవిడ చూపు మాత్రం మందగించింది. తెర మీద రంగులూ కదలికలూ తెలిసేవి గానీ, కింద పడే ఇంగ్లిషు అక్షరాలు ఆనేవి కావు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, గోడ మీంచి మా అమ్మను కేకేసేవారు. "మస్తాన్‌బీ, మీ షమీమ్‌ని ఒకసారి పంపమ్మా. అక్షరాలు చదివిపెడుతుంది."

చదివిపెట్టడానికి దొరికిందేమో నేను! నాకు నత్తి. కూరగాయల బండి దగ్గర కూడా వేలు పెట్టి చూపించి కొనుక్కునేదాన్ని. అలాంటిదాన్ని టీచరు కావాలని ఒకటే ఆశ. ఇంటర్ అయ్యాక బాపట్లలో టీచర్ ట్రైనింగుకు సీటు కూడా వచ్చింది. నత్తిపిల్ల పాఠమేం చెబుతుందని నవ్వుతారన్న భయంతో, చేరనని మొండికేసి కూర్చున్నాను. ఆ వేసవిలోనే ఈ పిలుపులు మొదలయ్యాయి.

"డ... డబ్బింగువి దొరుకుతాయి కదండీ," అన్నాను మొదటిరోజు, తప్పించుకుందామని.

"దొరుకుతాయమ్మా. కానీ తెర మీద పిల్ల ఏడిస్తే ఆ పిల్ల గొంతే వినాలి నాకు."

సినిమా మొదలైంది. నేను మొదటి మాట కూడబలుక్కునేలోపు ఆ అక్షరాలు మాయమై వేరేవి వచ్చేవి. నాకు ఏడుపొక్కటే తక్కువ. టీచర్ తెర వైపే చూస్తూ, "మొత్తం ఎందుకే? అసలు సంగతి చెప్పు చాలు. మిగతాది కత్తులు చెబుతాయి," అన్నారు. కాసేపటికి, "ఇప్పుడేమంటున్నారు?" అని అడిగారు.

"ఏ... ఏమీ అనట్లేదండి. ఊరికే చూసుకుంటున్నారు."

"అయితే మనమూ ఊరుకుందాం."

అలా ఊరుకోవడం ఎంత హాయిగా ఉండేదో ఎలా చెప్పను! నీలం పరదా లోంచి వచ్చే ఎండకు ఆ గదంతా నీళ్లలో ఉన్నట్టు ఉండేది. తెల్లబట్టల మనుషులు ఇళ్లకప్పుల మీదుగా పొగమంచులోకి తేలిపోయేవారు. పైన ఫ్యాను కిర్రుమనేది. మధ్యమధ్య ఖాళీల్లో నా మాటలు ఒక్కొక్కటే వచ్చేవి. నత్తి ఎక్కడికీ పోలేదు, తొందర పోయిందంతే.

ఒక ఆదివారం ఆవిడకు బాగా ఇష్టమైన సినిమా పెట్టారు. కొండ మీద ఒక గురువమ్మ, ఆవిడ దగ్గర కత్తి నేర్చుకున్న పిల్ల. ఆ పిల్ల లోకం చూస్తానని ఏటి ఒడ్డుకు వస్తుంది. పడవకు అడ్డంగా గురువమ్మ కత్తి దూసి నిలబడుతుంది. సరిగ్గా అక్కడ బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోయింది. సీడీని ఓణీతో తుడిచి మళ్లీ పెట్టినా అక్కడే ఆగింది.

"తర్వాతేమైంది?" అన్నారు టీచర్, కుర్చీలో వెనక్కి వాలి.

"నా... నాకేం తెలుసండీ?"

"ఇంతదాకా చెప్పింది నువ్వేగా. మిగతాదీ నువ్వే చెప్పు."

చెప్పాను. గురువమ్మ కత్తి దించిందన్నాను. పిల్ల పడవెక్కిందన్నాను. నడి ఏట్లో వెనక్కి తిరిగితే మంచులో ఒడ్డు కనబడలేదనీ, కత్తి ఒరలో పెట్టిన చప్పుడు మాత్రం వినబడిందనీ చెప్పాను. మాట అడ్డం పడ్డప్పుడల్లా ఆగాను. ఆవిడా ఆగారు. నా జన్మలో అంతసేపు ఎవరితోనూ మాట్లాడి ఎరగను.

"అయితే ఆ పిల్ల ఏరు దాటిందన్నమాట."

"దాటిందండి."

"మంచిది. బాపట్ల బండి ఎన్నింటికో కనుక్కో."

బాపట్లలో మొదటి పాఠం చెప్పినరోజు, పలకరింపులోనే మాట అడ్డం పడింది. ఊరుకున్నాను. పిల్లలూ ఊరుకున్నారు. ఆ మాట వచ్చాక పాఠం మొదలైంది. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే టీచర్ పోయారు. ఇప్పటికీ క్లాసులో మాట ఆగితే నాకు ఆవిడ గది గుర్తొస్తుంది, భయం వేయదు.

నిన్న మా అమ్మాయి టీవీలో ఏదేదో నొక్కితే పడింది ఆ సినిమాయే. రెండో తరగతి పిల్ల, అంత వేగంగా చదవలేదు. "ఏమంటోందమ్మా?" అని అడిగితే పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. ఏటి ఒడ్డు వచ్చింది. ఈసారి బొమ్మ ఆగలేదు.

గురువమ్మ కత్తి దించలేదు. ఆ పిల్ల తెడ్డు పారేసి, ఏడుస్తూ ఆవిడ కాళ్ల మీద పడింది. ఇద్దరూ తిరిగి కొండెక్కి వెళ్లిపోయారు. పడవ ఖాళీగా ఒడ్డునే ఉండిపోయింది.

నాకు చాలా కోపం వచ్చింది. ఆ తర్వాత తట్టింది. ఈ సినిమా టీచర్ కళ్లు బాగున్న రోజుల్లో, భర్త పక్కన కూర్చుని, కడదాకా చూసే ఉంటారు. ఆ పిల్ల ఏరు దాటదని ఆవిడకు తెలుసు. తెలిసే నన్నడిగారు. తెలిసే, దాటిందన్నమాట అన్నారు.

"ఇప్పుడేమంటున్నారమ్మా?" అంది మా అమ్మాయి. మాట అడ్డం పడింది. ఊరుకున్నాను.