పద్దెనిమిది తూటాల ఇటలీ తుపాకి

నేను పెంచి చెబుతానని ముందే ఒప్పుకుంటున్నాను. జానెడు చేప నా నోట్లో పడితే మూరెడవుతుంది. కాబట్టి ఇందులో ప్రతిదాన్నీ సగానికి తగ్గించి చదువుకోండి. తుపాకి కొలతల్ని మాత్రం తగ్గించకండి, అవి గేజ్ పెట్టి తీసినవి.

1994 వేసవి. బహ్రెయిన్‌లో సల్మాబాద్ షెడ్లలో మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, నడిపే వర్క్‌షాపు. ఆరుబయట మరిచిపోయిన స్పానర్‌తో చొక్కాలు ఇస్త్రీ చేసుకునే ఎండ. షాపులో అంతా పంపులు, షాఫ్టులు. ఒక మూల మాత్రం నాది. లైసెన్సున్న వేట తుపాకులకి రిపేరు చేసే ఫిట్టర్ని నేను. నా పక్క బెంచీ వెల్డరు ప్రభుదాసుది, తెనాలి మనిషి. పగిలిన కోడిగుడ్డునైనా అతికించగలడు. శుక్రవారం పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో తెలుగువాళ్ళ ప్రార్థనకి వెళ్ళిపోయేవాడు. "ఆరు రోజులు మీ పక్కన కూర్చున్నందుకు ఏడో రోజు క్షమాపణ అడుక్కోవాలి కదన్నా" అనేవాడు.

ఒక సోమవారం నువైద్రాత్ నుంచి హాజీ అనే పెద్దాయన, కొడుకు యూసుఫ్‌తో వచ్చారు. కంబళిలో చుట్టిన రైఫిల్‌ని పసిబిడ్డలా బెంచీ మీద పడుకోబెట్టారు. కుర్రతనం బొంబాయిలో గడిపినందున ఆయన హిందీ నా హిందీకి పదిరెట్లు నయం.

"మా నాన్నది. చాలామందికి చూపించాను భాయ్. ఒకడు జర్మనీదన్నాడు, ఒకడు టర్కీదన్నాడు. పాడైపోయిందని మాత్రం అందరూ అన్నారు. ఇదిగో, అడుగున రేకు కూడా ఊడిపోయింది."

యూసుఫ్ కల్పించుకున్నాడు. "గురి కుదరని తుపాకికి ఏటేటా లైసెన్సు కాగితాలెందుకు? గొట్టంలో సీసం పోసి మూసెయ్. గోడకి తగిలిస్తాం."

"గోడకి తగిలిస్తే అది తుపాకి కాదురా, మేకుకి వేలాడే ఇంకో మేకు" అని హాజీ నావైపు తిరిగారు. "ఈ శనివారం దాకా గడువిచ్చాడు నా కొడుకు. తూటాలు పద్దెనిమిదే ఉన్నాయి. ఇక దొరకవు. మా నాన్న ఎప్పుడూ ఒక మాట అనేవాడు, దీంతో జింకని కొట్టాలంటే కాళ్ళకి గురిపెట్టాలని."

ముసలివాళ్ళ మాటలకి ఊపినట్టే తల ఊపాను.

కిరసనాయిలుతో తుడిస్తే గొట్టం మొదట్లో మూడు టన్నుల మురికి కింద ఒక కిరీటం ముద్ర, టెర్ని అనే ఊరి పేరు, 1940 అన్న అంకెలు బయటపడ్డాయి. గొట్టం లోపల బోర్ గేజ్ పెడితే ఆరున్నర మిల్లీమీటర్లు చూపించింది. ఇటలీ సైన్యం రైఫిల్, సందేహమే లేదు. ఊడిపోయిందన్న రేకు అసలు పుట్టలేదు. ఇందులో ఆరు తూటాలున్న క్లిప్పుని, అంటే రేకు పట్టీని, పట్టీతో సహా లోపల పెట్టాలి. ఆఖరి తూటా గొట్టంలోకి వెళ్ళగానే ఖాళీ పట్టీ అడుగునున్న ఆ కంతలోంచి కిందపడుతుంది. ఇది వినగానే హాజీ కళ్ళు చెమర్చాయి. యూసుఫ్ గడియారం చూసుకున్నాడు.

గురువారం సాయంత్రం ఎడారిలోని రేంజిలో వంద మీటర్ల దూరాన కాగితం కట్టి, రైఫిల్‌ని ఇసుకబస్తా మీద ఆనించి మొదటి క్లిప్పు కాల్చాను. ఆరూ ఒకదాని పక్కన ఒకటి, పూలు గుచ్చినట్టు తగిలాయి. కాకపోతే నల్లటి చుక్కకి జానెడు పైన.

శుక్రవారం నేను టీకి వెళ్ళిన పది నిమిషాల్లో ప్రభుదాసు సాయం చేద్దామనుకుని, గొట్టం కొసనుండే చిన్న రేకుని, అంటే ఫ్రంట్ సైట్‌ని, ఆకురాయితో ఒక మిల్లీమీటరు అరగదీసేశాడు. సైట్ దిగితే గుండూ దిగుతుందనుకున్నాడు పాపం. జరిగేది అందుకు తలకిందులు. ముందు రేకు పొట్టిదైతే, దాన్ని వెనకున్న గాడిలో కనబడేలా చెయ్యాలంటే గొట్టాన్నే పైకెత్తాలి.

శనివారం రెండో క్లిప్పు. ఈసారి చుక్కకి రెండు జానలు పైన. రెండు తూటాలు కాగితం వదిలేసి పైనున్న కర్రకి తగిలాయి. మిగిలింది ఒక్క క్లిప్పు. యూసుఫ్ కారు డిక్కీ తెరిచి సీసం ముద్ద చూపించాడు, అక్షరాలా తెచ్చుకున్నాడు.

"ఏం చేశావు భాయ్?" అన్నారు హాజీ.

"మా వెల్డరు చెయ్యి పెట్టాడు హాజీ" అన్నాను.

గ్యాస్ టార్చి, సామాన్ మోసుకుని నాతో వచ్చిన ప్రభుదాసు నన్నొక్కసారి చూశాడు. విరిగిన తాళంచెవి నుంచి ఇత్తడి ముక్క కోసి, గొట్టానికి వేడి తగలకుండా తడిగుడ్డ చుట్టి, ఆ ముక్కని ఫ్రంట్ సైట్ మీద అతికించాడు. "కావాలనే ఎత్తుగా పెట్టానన్నా. ఇక మీరు కొంచెం కొంచెం తీసుకోండి" అన్నాడు.

అప్పటికి గాని నాకు కాళ్ళ మాట గుర్తుకు రాలేదు. ఈ రైఫిల్ వెనక సైట్‌ని ఫ్యాక్టరీలోనే రెండువందల మీటర్లకి బిగించేశారు, కదలదు. దగ్గర్నుంచి కాలిస్తే పైన తగలడం దాని ధర్మం. హాజీ తండ్రి ఆ లెక్క కాగితం లేకుండా కట్టాడు. నేను చెయ్యాల్సింది తుపాకిని సరిచెయ్యడం కాదు, ముందు రేకుని పాత ఎత్తుకి తిరిగి తేవడం.

ఒక తూటా, రెండు రుద్దులు. ఒక తూటా, ఒక రుద్దు. నాలుగో తూటాకి గుండు సరిగ్గా గురువారం తగిలిన చోటికి చేరింది. అయిదోది పేలలేదు. ఆరోది హాజీకిచ్చాను.

"కాళ్ళకి హాజీ" అన్నాను.

"నాకు చెబుతున్నావా?" అన్నారాయన. కాగితం అడుగు అంచుకి గురిపెట్టి నొక్కారు. నల్లటి చుక్క నడిమధ్య పడింది. యూసుఫ్ "ఖలాస్" అని డిక్కీ మూసేశాడు.

ఆ కేసు తర్వాత ఏ తుపాకి వచ్చినా ముందు మనిషిని అడుగుతాను, తర్వాతే ఆకురాయి ముడతాను.

ఇక అబద్ధం సంగతి. ఎండ నిజం, ఇత్తడి నిజం, నడిమధ్య పడటం కూడా నిజం. శుక్రవారం పొద్దున ప్రభుదాసు షాపులోనే లేడు, తెల్లచొక్కాలో ప్రార్థనలో ఉన్నాడు. వెల్డరు అతికిస్తాడు, అరగదీసేది ఫిట్టరు. ఆ వారం అతను క్షమాపణ అడిగాడో లేదో నాకు తెలీదు. నేను మాత్రం ఇప్పుడు అడుగుతున్నాను.