ఉప్పు వేశాక

కొర్బీనియన్ లెక్స్‌నర్ ట్రాములు కడిగేవాడు. పొద్దున్నే గీసింగ్ పేట ట్రాము షెడ్డులో బండి పక్కన నిలబడి, పొడుగాటి కర్రకు కట్టిన కుచ్చుతో అద్దాలు తోముతూ, వాటి వెనక లేని మనుషుల్ని చూస్తూ ఉండేవాడు. సబ్బు నురగ జారుతుంటే అద్దంలోకి ఒక సరస్సు వచ్చేది, చిన్నప్పుడెప్పుడో చూసిన ఎర్ర గొడుగు వచ్చేది. నీళ్లు కొట్టగానే అన్నీ పోయి ఖాళీ సీట్లు మిగిలేవి. మ్యూనిక్ నగరం ఆ మెరిసే బండి ఎక్కి పనులకు పోయేది. అది ఎలా మెరిసిందని ఎవరూ అడగలేదు. అడుగుతారని అతను అనుకోనూ లేదు. నలభై దాటాయి, పెళ్లి కాలేదు, మాట తక్కువ.

బీరు పీపాల బండి తోలిన తండ్రి పోతూ పోతూ అతనికి ఒక వంటగది, రెండు కుర్చీలు, ముల్లంగి తిప్పే చాకు వదిలిపోయాడు. చేతిలో ఇమిడిపోయే రేకు సామాను అది. మరలున్న ఒక ఇనప చువ్వ, దాని చుట్టూ తిరిగే చిన్న బ్లేడు, పక్కన పిడి. తెల్ల ముల్లంగి తల కోసి, చువ్వను నడిబొడ్డులోకి దించి పిడి తిప్పితే, బ్లేడు గుండ్రంగా తిరుగుతూ లోపలికి దిగిపోతుంది. తెగకుండా చివరిదాకా తిప్పితే పైకి ముల్లంగి ముల్లంగిలాగే ఉంటుంది. రెండు కొసలూ పట్టి లాగితే మాత్రం అకార్డియన్ తిత్తిలా బారుగా సాగుతుంది.

"నొక్కకురా," అనేవాడు తండ్రి. "నువ్వు తిప్పు, చాలు. దిగేది అదే దిగుతుంది."

ఆదివారాల్లో కిటికీ దగ్గర కూర్చుని ఆ పిడి తిప్పుతున్నంతసేపూ కొర్బీనియన్ ఒక తెల్లటి మెలికల మెట్ల మీద దిగుతున్నట్టే ఉండేవాడు. కింద ఏముందో తెలియదు. చల్లగా, కొంచెం ఘాటుగా, మంచి వాసన. దిగడం అయిపోయాక అంత ముల్లంగీ ఒక్కడే తినేవాడు.

ఆ వేసవిలో ఒకరోజు ట్రాము సీటు కింద గుడ్డ సంచి దొరికింది. లోపల రెండు ముల్లంగులు, ఉల్లికాడలు. ఎండకు షెడ్డు పెనంలా కాలుతోంది. వడలిపోతాయని వాటిని నీళ్ల బక్కెట్లో నిలబెట్టాడు. మధ్యాహ్నం సంచి మనిషి వెతుక్కుంటూ వచ్చింది. లైను చివర మేజోళ్లు బాగుచేసే దుకాణంలో పనిచేసే అఫ్రా, మొగుడు పోయిన మనిషి. మాట్లాడుతుంటే నవ్వు కళ్లలోనే ఆగిపోతుంది, మూతిదాకా రాదు.

"నీళ్లలో పెట్టిందెవరు?"

"నేనే."

"సంచి ఇస్తారనుకున్నాను గానీ, ముల్లంగికి స్నానం కూడా చేయిస్తారనుకోలేదు. తిప్పడం వచ్చా మీకు?"

"వచ్చు. తెగకుండా." అంత పెద్ద మాట తన నోటినుంచే వచ్చిందని నమ్మలేక, అతను కుచ్చు వైపు చూశాడు.

"అయితే ఆదివారం బీరు తోటలో చూస్తాను. చెస్ట్‌నట్ చెట్ల కింద, వెనక బల్లల దగ్గర. బీరు నేను తెస్తాను, ముల్లంగి మీరు తెండి."

షెడ్డు మేస్త్రీ క్సావర్ ఇదంతా విన్నాడు. ఇక వదుల్తాడా? "ఒరేయ్ కొర్బీ, ఆడమనిషి ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడతావురా? సబ్బు గురించా? అద్దం తుడిచినట్టు ఆవిణ్ణి కూడా ఒకసారి తుడిచి పంపించేస్తావేమో!"

అందరూ నవ్వారు. కొర్బీనియన్ కూడా నవ్వాడు. కానీ ఆ మాట లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే నిజంగానే ఏం మాట్లాడాలో అతనికి తెలియదు.

గీసింగ్‌లో పసిపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి ఒకటుంది. ముల్లంగిని ఇంట్లో తిప్పుతారు, తడిగుడ్డలో చుట్టి బీరు తోటకు తీసుకెళ్తారు. అక్కడ కొనేది బీరే, తిండి ఎవరిది వాళ్లే తెచ్చుకుంటారు. ఉప్పు మాత్రం బల్ల దగ్గరే. మడత మడతకూ చల్లి, అది ఏడ్చేదాకా ఆగాలి. కన్నీళ్లలా నీరు వదిలి, ఘాటు దిగి, కరకర మాత్రం మిగిలినప్పుడే నోట్లో పెట్టాలి. ఆ ఆగే కాసేపట్లో తినడానికేం ఉండదు. బీరు తాగుతూ మాట్లాడుకోవాలి. పెద్ద కుటుంబాలవాళ్లకు అదొక లెక్కా? పిల్లల మీద అరుచుకుంటూ గడిపేస్తారు. కొర్బీనియన్‌కు ఆ కాసేపు తలుచుకుంటేనే అరచేతులకు చెమట పట్టింది.

ఆదివారం కిటికీ దగ్గర కూర్చున్నాడు. పిడి తిప్పాడు. మెట్లు దిగడం మొదలైంది. ఈసారి కింద ఎవరో ఉన్నారు. వంటగదిలో రెండో కుర్చీ జరిగిన చప్పుడు. కిటికీ గట్టు మీద మేజోళ్లు ఆరేసి ఉన్నాయి. ఎవరో నల్ల రొట్టెకు వెన్న రాస్తూ, "ఇంకా ఎంతసేపండీ?" అంటున్నారు. జవాబు చెప్పబోయాడు. కలలో కూడా మాట రాలేదు.

ముల్లంగి తెగకుండా వచ్చింది. దాన్ని సాగదీసి పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ఉప్పు డబ్బా తీసి, మడత మడతకూ చల్లి, గుడ్డలో చుట్టేశాడు. ఆవిడ వచ్చేసరికి ఏడుపు అయిపోయి ఉంటుంది. కూర్చోవడం, తినడం. మధ్యలో ఖాళీ ఉండదు.

కానీ అఫ్రా ఆలస్యంగా వచ్చింది. చెట్ల కింద బల్లలన్నీ నిండాయి. ఒంటరి మగవాడు రెండు చోట్లు ఆపి పెట్టుకుంటే జనం ఎలా చూస్తారో అలాగే చూశారు. పక్క బల్ల మీద గళ్ల దుప్పటి పరిచి, గిన్నెలూ జున్నూ సర్దుకున్న ఒక లావుపాటి ఆవిడ, "ఎవరైనా వస్తారా, లేకపోతే మా వాళ్లు కూర్చోవచ్చా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. ఎండ ఆకుల్లోంచి చుక్కలు చుక్కలుగా జారి చెక్క మీద వణుకుతోంది. గుడ్డ కింద బల్ల తడుస్తోంది.

అఫ్రా లీటరు మగ్గులు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చి కూర్చుంది. "ఏదీ, చూపించండి."

అతను గుడ్డ విప్పాడు. ముల్లంగి లేదు. తెల్లటి తడి పీలిక ఒకటి, పిండి పడేసిన గుడ్డముక్కలా ముద్దగా పడి ఉంది. ఎత్తబోతే వేళ్ల మీద వేలాడింది.

పక్క బల్ల ఆవిడ మెడ చాచి చూసింది. "అయ్యయ్యో, ఇంట్లోనే ఉప్పేశాడు!" అని తన వాళ్లకు వినపడేలా చెప్పింది. ఆ బల్లంతా నవ్వింది.

కొర్బీనియన్ చెవులు కాలాయి. లేచి వెళ్లిపోతే ఎంత బావుంటుందో అతనికి స్పష్టంగా కనిపించింది. గేటు, వీధి, ట్రాము, వంటగది. రెండో కుర్చీ ఎప్పటిలాగే గోడకు ఆనించి.

"దీన్నెవరు ఇంతగా ఏడిపించారు?" అంది అఫ్రా. తర్వాత సంచిలో చెయ్యి పెట్టి ఇంకో ముల్లంగి తీసి బల్ల మీద పెట్టింది. "పెళ్లికాని మగవాళ్లని నమ్మకూడదని ఒకటి తెచ్చుకున్నాలెండి. చాకు ఉందా?"

జేబులోనే ఉంది. అది లేకుండా అతను ఇల్లు కదలడు. చువ్వ దించి తిప్పాడు. మెట్లు కనిపించలేదు, ఎదురుగా ఆవిడ చేతులు మాత్రమే కనిపించాయి, సూదిపోట్లతో గరుకెక్కిన వేలి కొసలు. నొక్కాడు. సగం దాటాక ముల్లంగి టప్పున తెగింది.

"తెగకుండా అన్నారు?"

"ఇంట్లో తెగలేదు."

"ఇంట్లో నేను లేనుగా." అఫ్రా రెండు ముక్కల్నీ సాగదీసి, ఉప్పు చల్లి, పళ్లెంలో పక్కపక్కన పెట్టింది. చేతులు దులుపుకుని మగ్గు అందుకుంది. ఇక ఆగాలి.

ఆ కాసేపు రానే వచ్చింది. కొర్బీనియన్ బీరు నురగలోకి చూశాడు, ఆకుల్లోకి చూశాడు. అఫ్రా సాయం చేయలేదు. బీరు తాగుతూ కూర్చుంది.

"ఇది ఏడ్చేదాకా ఏం మాట్లాడాలో తెలియక," అన్నాడు చివరికి, "ఇంట్లోనే వేసేశాను. ఉప్పు."

అఫ్రా మగ్గు దించింది. నవ్వు ఈసారి కళ్లలో ఆగలేదు. "నాకు భయపడా? నేను కూడా అందుకే ఆలస్యం చేశాను. గేటు బయట నిలబడ్డాను చాలాసేపు. మా ఆయన పోయాక ఇలా ఎవరి ఎదురుగానూ కూర్చోలేదు." మగ్గు పక్కకు జరిపి, "సరే, ఆ షెడ్డులో రోజంతా ఏం చేస్తారు? అద్దాల్లోకి చూస్తూ ఉంటారని, సంచి కోసం వచ్చిన రోజు మీ మేస్త్రీ అన్నాడు," అంది.

"చూస్తాను."

"ఏం కనిపిస్తుంది?"

ఇంతవరకూ ఎవరూ అడగని మాట అది. కొర్బీనియన్ మొదట సరస్సు గురించి చెప్పాడు. తర్వాత ఎర్ర గొడుగు, ఆ గొడుగు పట్టుకున్న అమ్మ, తండ్రి తోలిన గుర్రాలు, వాటిలో ఒకదానికి బీరంటే ఎంత ఇష్టమో. అఫ్రా మధ్యలో ఆపి, ఆ గుర్రాన్ని తనూ చూసినట్టే ఉందని వాదించింది. అతను కాదన్నాడు. ఆవిడ ఔనంది. ఎండ చెక్క మీంచి జరిగి పక్క బల్లకు పోయింది. గళ్ల దుప్పటివాళ్లు గిన్నెలు సర్దుకుని వెళ్తూ వెళ్తూ వీళ్ల పళ్లెం వైపు చూసి తలలు అడ్డంగా ఊపుకున్నారు.

పళ్లెం నిండా నీరు చేరింది. ముల్లంగి రెండు ముక్కలూ మెత్తబడి ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. ఇద్దరిలో ఎవరూ వాటివైపు చూడలేదు.