మూడు తప్పు జవాబులు

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ అశోక్ నగర్ చౌరస్తాలో బస్సు దిగుతాను. మొన్న దిగేసరికి సన్నగా వాన పడుతోంది. మిరపకాయ బజ్జీల వాసన, తడిసిన కాగితాల వాసన ఒకేసారి ముక్కుకు తగిలాయి. టీ బండి రేకు కింద నలుగురు ఒక బిట్ల పుస్తకం చుట్టూ మూగి ఉన్నారు. ఒకరు చదివి అడుగుతుంటే మిగతావాళ్లు జవాబు చెబుతున్నారు. "నిజాంసాగర్ ఏ నది మీదుంది?" అని వినబడింది. ఒక అమ్మాయి చటుక్కున "మూసీ" అంది. మిగతా ముగ్గురూ పక్కున నవ్వారు. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నిజాం అనగానే ఆమెకు హైదరాబాదు గుర్తొచ్చింది, హైదరాబాదు అనగానే మూసీ నోట్లోకి వచ్చింది. తప్పు చెప్పిన మనిషి ఎక్కణ్నుంచి బయల్దేరి అక్కడికి చేరిందో చూడాలని నాకు నేర్పింది విమల మేడం. వాన లెక్కచేయకుండా కాసేపు అక్కడే నిలబడిపోయాను. మేడం పోయి రెండేళ్లయింది.

విమల మేడం నారాయణగూడలో పుట్టి, ఆ పక్క వీధిలోకే కోడలిగా వెళ్లి, అక్కడే ముసలితనం చూసిన మనిషి. బడిలో సోషల్ టీచరుగా రిటైరయ్యాక, భర్త వదిలివెళ్లిన చిన్న ప్రెస్సు పై గదిలో కూర్చుని, పోటీ పరీక్షల వాళ్ల కోసం వారానికొక బిట్ల పుస్తకం వేసేవారు. ఒక్కో బిట్టు కింద నాలుగు జవాబులు, చివరి పేజీలో కీ. చిక్కడపల్లిలో లైబ్రరీ బయటి బెంచీల మీదా, అశోక్ నగర్ హాస్టళ్లలోనూ ఆ పుస్తకం చేతులు మారుతూ నలిగిపోయేది. మేడంకు మోకాళ్ల నొప్పులు. ఎప్పుడూ ఒక కాలు స్టూలు మీద చాపుకుని, పెన్ను జడలో గుచ్చుకుని, ఆ పెన్ను కోసమే బల్లంతా వెతుకుతూ కనబడేవారు.

మాది పాలమూరు వైపు. అమ్మానాన్నలు ఇళ్ల కట్టుబడి పనులకని వచ్చి లోయర్ ట్యాంక్ బండ్ బస్తీలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. నేను కోఠిలో డిగ్రీ ముగించి గ్రూప్ పరీక్షలకు చదువుకుంటున్నాను. కోచింగ్‌లో చేరే స్తోమత లేదు. జిరాక్స్ షాపు గోడ మీద బిట్లు రాసేవాళ్లు కావాలన్న కాగితం చూసి మేడం గది మెట్లెక్కాను. ఇరవై బిట్లు రాసి చూపించమన్నారు. నేను రాత్రికి రాత్రి రాసి, మర్నాడు గర్వంగానే వాటిని ఆవిడ ముందు పెట్టాను.

మేడం నా ప్రశ్నలను చూడలేదు. సరైన జవాబులనూ చూడలేదు. వేలు పెట్టి తప్పు జవాబులే ఒక్కొక్కటిగా చదువుతూ పోయారు. నిజాంసాగర్ బిట్టు దగ్గర వేలు ఆగింది. మంజీరా అన్న సరైన జవాబు పక్కన నేను నైలు, అమెజాన్, గంగ అని రాశాను. నైలని ఎవరు పెడతారని అడిగారు. ఎవరూ పెట్టరన్నాను.

"ఎవ్వరు పెట్టనిది ఎందుకు రాసినవ్ బిడ్డా? తప్పు జవాబు ఎనక ఒక మనిషి ఉండాలె. ఆ మనిషి ఎందుకట్ల అనుకున్నడో నీకు ఎర్కుండాలె."

అని, ఆవిడే మూడు తప్పులు చెప్పి నాతో రాయించారు. గోదావరి, కృష్ణ, మూసీ. గోదావరి అనేవాడికి మంజీరా వెళ్లి గోదావరిలో కలుస్తుందని తెలుసు, పాపం సగం బాగానే చదివాడు. కృష్ణ అనేవాడు సాగర్ అన్న మాట వినగానే నాగార్జునసాగర్‌కు వెళ్లిపోయాడు. మూసీ అనేది హైదరాబాదు పిల్ల. ఇలా ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టినట్టు చెప్పారు. నాకు ఆ రోజు వింతగా అనిపించింది, కొంచెం చాదస్తంగా కూడా అనిపించింది. ఉద్యోగం మాత్రం ఇచ్చారు.

తరువాత తెలిసింది, ఆ తప్పులు ఆవిడ ఊహించి రాసేవి కావని. సాయంత్రాలు మోకాళ్లు పట్టుకుంటూ లైబ్రరీ బెంచీల దాకా నడిచి వెళ్లేవారు. చదువుకునేవాళ్ల మధ్య కూర్చుని, ఎవరైనా తప్పు చెబితే చాలు, మెల్లగా అటు జరిగి ఎందుకలా అనుకున్నావని అడిగేవారు. మొదట్లో అందరూ ఉడుక్కునేవాళ్లు, ముసలావిడ వెక్కిరిస్తోందని. ఆవిడ మాత్రం శ్రద్ధగా విని ఒక పాత డైరీలో రాసుకునేవారు. డైరీలో తప్పులు ఉండేవి, పేర్లు ఉండేవి కావు. నన్ను కూడా ఆటపట్టించేవారు. నేను తెలియకుండానే సరైన జవాబును ఎప్పుడూ మూడో స్థానంలో పెట్టేదాన్నట. అది కనిపెట్టి నాకు మూడో నంబరు అని పేరు పెట్టారు. "ఏందే మూడో నంబరు, చాయ్ తాగినవా?" అనే పిలుపు వినబడితే నాకు ఆ రోజు బాగా గడిచినట్టే.

పుస్తకం వచ్చే రోజున అందరికన్నా ముందు వచ్చేది నర్సింలు అన్న. మా పాలమూరు మనిషే. పగలంతా గాంధీనగర్ వైపు కట్టుబడి పని, సాయంత్రం లైబ్రరీ. ఆయన పుస్తకంలో పేజీలన్నిటి మీదా సిమెంటు వేళ్ల గుర్తులుండేవి. నన్ను చెల్లె అని పిలిచేవాడు. కోచింగ్ లేదు, వేరే పుస్తకాలు లేవు. మేడం పుస్తకాలే మొదటి నుంచి చివరి దాకా కంఠతా పట్టేవాడు. వయసు పరిమితి దగ్గర పడింది, ఆ ఏడాది రాసే పరీక్షే ఆయనకు ఆఖరిది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. అందుకని ఆయన వస్తే మేడం తన స్టూలు ఖాళీ చేసి ఆయన్ని కూర్చోబెట్టేవారు.

ఆ పరీక్షకు కొద్ది వారాల ముందు మేడం మోకాలు బాగా వాచింది. నా బిట్లు తిరగేసి, మళ్లీ అన్నిటికీ మూడే పెట్టావు, జవాబుల వరస మార్చు, కీ కూడా నువ్వే సరిచూడు అన్నారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ల ఏర్పాటు గురించి చెప్పే రాజ్యాంగ అధికరణ ఏది అన్న బిట్టు అందులో ఉంది. జవాబు 315. దాన్ని మూడో స్థానం నుంచి తీసి రెండో స్థానంలో పెట్టాను. మూడో స్థానంలోకి 320 వచ్చింది. కీలో మాత్రం మూడు అలాగే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం నాకొక మోడల్ పరీక్ష ఉంది, ఆ తొందరలో కీ మీద సరిచూశాను అని సంతకం పెట్టేసి వెళ్లిపోయాను. నేను చేసిందల్లా అంతే.

పరీక్ష అయిన వారానికి నర్సింలు అన్న మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఆ వారం పుస్తకం గొట్టంలా చుట్టి ఉంది. కోపంగా లేడు. కూర్చోమంటే కూర్చోలేదు. పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు.

"ఈ బిట్టు వచ్చింది మేడం. నేను 315 అనుకున్న. గని మీ పుస్తకంల 320 ఉండె గద అని, పుస్తకం తప్పుండదని, 315 మీదనే వేలు ఆగినా, 320 పెట్టిన. అసలు కీ ఇయ్యాల వచ్చింది. 315 అంట."

తెలిసిన జవాబును వదిలేసి మా మాట నమ్మాడు. నేను తల వంచుకుని కాగితాలు సర్దుతున్నట్టు నటించాను. మేడం పేజీని, కీని రెండు సార్లు చూశారు. కాలు స్టూలు మీంచి దించారు. "తప్పు నాది నర్సింలు" అన్నారు. ఆయన సరే మేడం అని దిగి వెళ్లిపోయాడు. నేను నోరు తెరవలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ క్షణానికి నాకు సిగ్గే.

మర్నాడు పొద్దున్నే వెళ్లి మేడం ముందు ఏడ్చాను. కీ నేనే తప్పు వేశానని, చూడకుండా సంతకం పెట్టానని చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. తనకు ఎరుకేనని, నా చేతిరాత తనకు తెలియదా అని అన్నారు. మరి మీ తప్పని ఎందుకన్నారని అడిగాను.

"పుస్తకం మీద పేరు నాది, అందుకని నా మాట నేను చెప్పిన. నీ మాట ఇంకా ఉన్నది. అది నువ్వే పోయి చెప్పాలె."

ఆ మాట చెప్పి ఊరుకోలేదు, ఎలా జరిగిందో మొదటి నుంచీ చెప్పించుకున్నారు. వరస మార్చింది ఎప్పుడు, కీ చూసింది ఎప్పుడు, మధ్యలో ఏం ఆలోచిస్తున్నాను. బెంచీ మీద ఎవరినో అడిగినట్టే అడిగారు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. అంతా విన్నాక, జవాబులు మారిస్తే ఆ బిట్టు కీ అక్కడికక్కడే కొట్టేసి మళ్లీ రాయాలని కొత్త పద్ధతి పెట్టారు.

ఆ మధ్యాహ్నం అన్నాల వేళ నర్సింలు అన్న పనిచేసే చోటికి వెళ్లాను. ఇసుక కుప్ప పక్కన కూర్చుని డబ్బా విప్పుతున్నాడు. తప్పు మేడంది కాదు, నాదని చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆపాడు.

"ఇన్నేండ్లల్ల ఎంతమందో నా పని ఖరాబు చేసిన్రు. నాదే తప్పని నాకాడికి నడిచొచ్చినోళ్లు లేరు. నువ్వొచ్చినవ్, మంచిదే. గని పోయిన మార్కు మల్ల రాదు గద చెల్లె."

రాదన్నాను. తింటావా అని అడిగాడు. నేను వద్దని తల ఊపి వచ్చేశాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

తరువాతి వారమంతా మేడం, నేను పాత కాపీల వేటలో తిరిగాం. లైబ్రరీ బెంచీలు, రీడింగ్ రూములు, మెస్సులు. ఎవరి చేతిలో ఆ పుస్తకం కనబడితే వాళ్ల దగ్గర ఆగి, కీ పేజీలో మూడు కొట్టేసి రెండు వేసి పక్కన సంతకం పెట్టేవారు మేడం. ఒక్క బిట్టు కోసం ఇంత పరేషాన్ ఎందుకని కొందరు నవ్వారు. రెండో అంతస్తు హాస్టల్‌కు కూడా రెయిలింగు పట్టుకుని ఎక్కారు. నేను వెళ్లొస్తానన్నా వినలేదు.

ఫలితాలు వచ్చిన రోజు నర్సింలు అన్న నేరుగా మేడం గదికే వచ్చాడు. జాబితాలో ఆయన నంబరు లేదు. ఆయన వర్గంలో ఆఖరున ఉద్యోగం వచ్చిన మనిషికీ ఆయనకూ తేడా ఒక్క మార్కు. మార్కులు సమానమైతే వయసులో పెద్దవాళ్లకు ముందు ఇస్తారు. ఆయనే పెద్దవాడు. లెక్క మా ముగ్గురికీ అర్థమైంది.

మేడం ఓదార్పు మాటలు చెప్పలేదు. ఇంకో పరీక్ష ఉందనలేదు, ఎందుకంటే లేదు. దేవుడి పేరు ఎత్తలేదు. కుర్చీ ఆయనకు ఎదురుగా లాక్కుని కూర్చున్నారు. ఆయన నేల చూస్తున్నాడు, ఆవిడ ఆయన్ని చూస్తున్నారు. నేను నీళ్లు తెచ్చే నెపంతో రెండు సార్లు లేచాను. రెండోసారి మేడం నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టారు. కింద ప్రెస్సు వాళ్లు సంతకం కోసం వచ్చి పిలిస్తే రేపు రమ్మన్నారు. చాలాసేపటికి నర్సింలు అన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. అప్పుడే మేడం కూడా లేచారు.

కొన్ని నెలల తర్వాత మేడం అడిగితే, ప్రతి పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు కీ చూడకుండా బిట్లన్నీ చేసి సరిపోల్చే పని ఆయన తీసుకున్నాడు. ఆయన పేరు మొదటి పేజీలో వేశారు. దానితో ఆయన పోగొట్టుకున్నది తిరిగి వచ్చిందని నేను అనను, ఆయనా ఎప్పుడూ అనలేదు. మరుసటి ఏడాది నాకు రెవెన్యూ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మేడం నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చారు. నర్సింలు అన్న మంచిగ చెయ్యి చెల్లె అన్నాడు.

పోయిన నెల మా సెక్షన్ ఇచ్చిన ఒకామె ఆదాయ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడింది. అది తీసుకెళ్తే కూతురికి హాస్టల్ సీటు ఇవ్వలేదట, గడువు దాటిపోయిందట. ఆమె తిరిగి మా ఆఫీసుకు వచ్చింది. దరఖాస్తులోనే తప్పు రాశావని చెప్పి పంపించెయ్యమని పక్క సీటాయన మెల్లగా సలహా ఇచ్చాడు. దరఖాస్తు తీసి చూశాను. ఆమె సరిగ్గానే రాసింది. టైపు కొట్టింది నేను.

"నువ్వు మంచిగనే రాసినవమ్మా. నేనే తప్పు కొట్టిన" అని చెప్పాను. మరి నా బిడ్డ సీటు అని అడిగింది. కొత్త సర్టిఫికెట్ ఇచ్చాను. తప్పు నాదని హాస్టల్ వాళ్లకు ఉత్తరం రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. సీటు వస్తుందో రాదో తెలియదని కూడా చెప్పాను. ఆమె నన్ను నాలుగు మాటలు అంది. తర్వాత నా బల్ల ముందు కుర్చీలో కూలబడి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భోజనానికి రమ్మని అందరూ పిలిచారు, గది ఖాళీ అయింది. నేను ఫైలు తెరవలేదు, ఫోను తీయలేదు. ఆమె లేచి కొంగు సర్దుకునే దాకా ఎదురుగా కూర్చునే ఉన్నాను.