పదికి నాలుగు

ఆ ఏడాది నాకు ఏ విషయమూ మనసుకు తగిలేది కాదు. కదిరిలో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి థైరాయిడ్ అంది. పొద్దున్నే పరగడుపున వేసుకోమని మాత్రలు రాసిచ్చింది. వేసుకునేదాన్ని. నల్లమాడకు దగ్గర్లో ఒక హైస్కూల్లో తెలుగు చెప్పడం అప్పటికి పంతొమ్మిదేళ్లుగా నా పని. పాఠం చెప్పేదాన్ని, కాగితాలు దిద్దేదాన్ని, మధ్యాహ్నం పిల్లల భోజనం ఫోటో తీసి ఒక యాప్‌లో, మరుగుదొడ్ల ఫోటో తీసి ఇంకో యాప్‌లో పెట్టేదాన్ని. ఎవరైనా పలకరిస్తే బాగున్నానని చెప్పేదాన్ని. అది అబద్ధమని కూడా అనిపించేది కాదు.

నవంబరులో ఒకరోజు హెడ్మాస్టరు గారు పిలిచి, అనంతపురంలో రెండు రోజుల పని ఉంది, మీరు వెళ్లాలి అన్నారు. బడుల్లో వాడటానికి కృత్రిమ మేధతో పనిచేసే సాఫ్ట్‌వేర్లు మూడు వచ్చాయట. అవి వ్యాసాలు దిద్దుతాయి, ప్రశ్నపత్రాలు తయారుచేస్తాయి, పిల్లల సందేహాలకు జవాబులు చెబుతాయి. ఏది పనికొస్తుందో టీచర్లే పరీక్షించి మార్కులు వేయాలట. భాషా టీచర్లు తాము దిద్దిన వ్యాసాలు పది వెంట తీసుకెళ్లాలట. నేనే ఎందుకని అడగలేదు. తొమ్మిదో తరగతి కట్టలో పైనున్న పది కాగితాలు తీసి సంచిలో పెట్టుకున్నాను. దసరా సెలవులకు ముందు, ఈ సెలవుల్లో ఏం చేస్తారని రాయించిన వ్యాసాలవి. అప్పట్లోనే దిద్ది, పిల్లలకు మార్కులు చూపించి, తనిఖీకి ఎవరైనా వస్తే ఉండాలని మళ్లీ వెనక్కి తీసుకుని కట్టగట్టాను.

శిక్షణ హాల్లో ఒక్కో కంప్యూటరు ముందు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టారు. నా పక్కన తాడిపత్రి వైపు నుంచి వచ్చిన సైన్సు మాస్టారు. రిటైరుమెంటు దగ్గరపడ్డ మనిషి. ఆయన బడి గోడ అవతలే బండలు కోసే మిషన్లున్నాయట. పొద్దస్తమానం ఆ మోతలో పాఠం చెప్పి చెప్పి, నిశ్శబ్దంగా ఉన్న చోట కూడా గట్టిగానే మాట్లాడతారు. మొదటి సాఫ్ట్‌వేరును ఆయన వేరుశనగ పూత నుంచి నేలలోకి ఊడలు ఎప్పుడు దిగుతాయని అడిగారు. అది మర్రిచెట్టు ఊడల గురించి అరపేజీ చెప్పింది. ఆయన నవ్వలేదు. "మా ఊర్లో రెండో తరగతి పిల్లోన్ని అడిగినా చెప్తాడు" అని పదికి రెండు వేశారు. నేనూ రెండు వేశాను.

మధ్యాహ్నం నా వ్యాసాల వంతు వచ్చింది. అక్కడ సాయానికి ఉన్న టెక్నీషియన్ ఒక్కో కాగితాన్నీ ఫోటో తీసి రెండో సాఫ్ట్‌వేరుకు ఇచ్చాడు. మేము వేసిన మార్కులు దానికి కనబడకుండా మడిచి పెట్టారు. అది మార్కు వేశాక కాగితం విప్పి పోల్చి చూడాలి. మాకిచ్చిన పట్టికలో 'ఉపాధ్యాయుల మార్కులతో పొంతన' అని ఒక గడి ఉంది. అన్నిటికంటే దానికే ఎక్కువ విలువ అని పొద్దున చెప్పారు.

మొదటి నాలుగు కాగితాల్లో ఒకటి రెండు మార్కుల తేడా వచ్చింది. అయిదోది ఒక ఆడపిల్లది. పదికి నాలుగు అని వచ్చింది. టెక్నీషియన్ మడత విప్పాడు. నా ఎర్రసిరాలో కూడా నాలుగే ఉంది.

"మేడం, కరెక్టుగా సరిపోయింది" అన్నాడు సంతోషంగా.

మార్కు కింద అది రాసిన సలహాలు చదవమన్నాడు. 'మాండలిక పదాలు తగ్గించండి. వర్ణనలు చేర్చండి. ముగింపు మరింత ఆశాజనకంగా ఉంటే బాగుంటుంది.' నేను కాగితం మీద రాసింది ఇంకా చిన్నది. 'అక్షరదోషాలు. శైలి మెరుగుపరచుకో.' 'ఉండాది' అన్నచోటల్లా కొట్టేసి 'ఉంది' అని దిద్దాను. అయిదు చోట్ల దిద్దాను.

ముగింపు ఆశాజనకంగా ఉండాలని అదెందుకు అందోనని చివరి వాక్యాలు చూశాను. తప్పుల కోసం కాకుండా చదవడం అదే మొదటిసారి. ఆ పిల్ల ఇలా రాసింది:

"సెలవల్లో మేము బెంగళూరుకు పోతాండాము. మా యమ్మ, మా నాయన ఆడ బిల్డింగు పని చేస్తారు. నేను చంటిదాన్ని చూసుకోవల్ల. ఈసారి సెలవలైనాక నేను రాను. నాకు ఇస్కూలుకు రావల్లనే ఉండాది."

ఆ చివరి 'ఉండాది'ని కూడా నేను దిద్దాను.

అప్పుడు నాకేమైనా అయిందని చెప్పలేను. పట్టికలో ఆ కాగితానికి పొంతన గడిలో పదికి పది వేశాను. టెక్నీషియన్ అదే కాగితాన్ని మూడో సాఫ్ట్‌వేరుకు ఇచ్చాడు. అది ఆరు మార్కులు వేసి, కింద విడిగా రాసింది: 'ఈ విద్యార్థిని చదువు మానేయబోతున్నట్టు రాసింది. దయచేసి ఆమెతో మాట్లాడండి.'

ఆ మాటకు ఏ గడిలో మార్కు వేయాలో పట్టికలో లేదు. టెక్నీషియన్ కూడా పట్టిక ముందువైపు, వెనకవైపు తిప్పి చూశాడు. మాస్టారు వంగి తెరమీది మాటల్ని చదివారు, తర్వాత కాగితం చదివారు. ఈసారి ఆయన గొంతు తగ్గింది.

"ఈ పాప ఇప్పుడు యాడుండాది మేడం?"

"సెలవలైనప్పట్నుంచి రాలేదు" అన్నాను.

రోజూ హాజరు వేసేది నేనే. ఆ పేరు దగ్గర ఆబ్సెంటు పెడుతూనే ఉన్నాను. పనులకు పోయి ఉంటారులే అనుకున్నాను. మా వైపు ఆ కాలంలో ప్రతి క్లాసులోనూ కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయి. మూడోదానికి పొంతన గడిలో అయిదు వేయాల్సి వచ్చింది, నా నాలుగుకు దాని ఆరు కలవలేదు కాబట్టి. వేశాను.

రెండో రోజు సాయంత్రం ఆ పని ముగించుకుని ఊరు చేరాను. మర్నాడు బడి వదిలాక స్కూటీ మీద ఆ పిల్ల ఊరికి వెళ్లాను. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింట్లో వాళ్ల నాయనకు వరసకు అత్తయ్యే ముసలామె ఒకతె ఉంది. ఎండబెట్టిన వేరుశనగ కట్టె నుంచి కాయలు తెంపుతూ, ఎవరు, ఏమిటి అని అడిగి, లోపలికి పోయి క్యాలెండరు చింపిన ముక్క తెచ్చింది. దాని వెనక ఫోన్ నంబరు ఉంది. ఎవరూ ఆ నంబరు అడగలేదా అన్నాను. నువ్వే మొదలు అంది.

మర్నాడు ఖాళీ పీరియడ్‌లో స్టాఫ్ రూంలోంచి ఫోన్ చేశాను. ఆ పిల్లే ఎత్తింది. వెనక ఏదో మిషన్ తిరుగుతోంది.

"ఏమ్మా, బాగుండావా?"

"బాగుండా మేడం."

"నీ వ్యాసం చదివినా."

"అప్పుడే చదివినారు గదా మేడం. మార్కులేసినారు గదా."

"లేదమ్మా. అప్పుడు తప్పులు దిద్దినా, అంతే. మొన్న చదివినా."

మిషన్ మోతలోంచే అంది: "రానని రాసింటి గదా, మీరు ఏమన్నా అంటారేమో అనుకుంటి. ఏమీ అనలేదు. సరే, పొమ్మన్నట్టేలే అనుకుంటి."

నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తప్పు నాదేనని చెప్పాను. ఆ పిల్ల, చంటిది ఏడుస్తోందని చెప్పి ఫోన్ తల్లికి ఇచ్చింది.

తల్లి నాతో మర్యాదగానే మాట్లాడింది. దానికి చదువంటే ఇష్టమేనంది. తామిద్దరూ పైన పని చేస్తుంటే కింద చంటిదాన్ని పట్టుకోవడానికి ఇంకెవరూ లేరంది. ఊర్లో ముసలామె దగ్గర పెద్దపిల్లను ఉంచి చదివించవచ్చు కదా అని అడిగాను. "మీరు ఇంత దూరం ఫోన్ చేసినారు, వాళ్ల నాయనతో మాట్లాడి చెప్తా మేడం" అంది. ఫోన్ పెట్టేశాక ఏడుపు వస్తుందేమోనని కూర్చున్నాను. రాలేదు. అయిదో పీరియడ్ ఎనిమిదో తరగతితో ఉంది, వెళ్లాను.

ఆ తర్వాత వారానికోసారి ఫోన్ చేస్తూ వచ్చాను. నాలో దయ పొంగి చేసింది కాదు. మాత్ర వేసుకున్నట్టే, గురువారం కాబట్టి చేసేదాన్ని. ఒకసారి ఎత్తేవాళ్లు, ఒకసారి ఎత్తేవాళ్లు కాదు. ఆ మధ్యలోనే రెండో సాఫ్ట్‌వేరును ఎంపిక చేశారని ఉత్తర్వు వచ్చింది. టీచర్ల మార్కులతో దానికే ఎక్కువ పొంతన ఉందట. అనంతపురంలో నేనిచ్చిన రిపోర్టు అడుగున, చివరి పేజీలో, మూడోది రాసిన మాట గురించి నాలుగు వాక్యాలు రాశాను. అది ఎవరైనా చదివారో లేదో తెలియదు.

ఫిబ్రవరిలో ఆ పిల్లను వాళ్ల నాయన బస్సులో తీసుకొచ్చాడు. చంటిదాన్ని చూసుకోవడానికి తల్లి చెల్లెలు బెంగళూరు పోయిందట. ముసలామె ఇంట్లో పిల్లను దించి, బడి దాకా వచ్చి, హాజరు పట్టీలో పేరు ఇంకా ఉందా అని అడిగాడు. ఉందని చూపించాను. ఆయన ఆ పేరు మీద వేలు పెట్టి చూసి, అదే సాయంత్రం మళ్లీ బస్సెక్కాడు.

నాలుగు నెలల పాఠాలు పోయాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పిల్లకు విడిగా చెప్పడం మొదలుపెట్టాను. మొదటి వారంలో ఒకరోజు సంధులు చెబుతుంటే బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది. లేపలేదు. పక్కనే కూర్చుని తొమ్మిదో తరగతి కొత్త కాగితాలు తీసుకుని, ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఒకడు తమ మేకపిల్ల గురించి రాశాడు. ఒకమ్మాయి తాను చూడని సినిమా గురించి రాసింది. మిగతావాటిలో గైడులోంచి దించినవే ఎక్కువ. చదవడానికి చాలాసేపు పట్టింది.