ఎలా నడుస్తారో రాసిన కాయితం

రిటైరైన మరుసటి నెల నుంచీ ప్రతి గురువారం మధ్యాహ్నం మూడింటికి నేను అమలాపురంలో ఒక ఎస్టీడీ బూత్ వెనకగదికి వెళ్ళేవాణ్ణి. వికలాంగుల హక్కుల కోసం పెట్టుకున్న చిన్న సంఘానికి ఆ గదే ఆఫీసు. బూత్ నడిపే ఆయనే ప్రెసిడెంటు. రెండు కాళ్ళూ చచ్చుబడినవారు, మూడుచక్రాల బండి మీద తిరిగేవారు. మండల రెవెన్యూ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసినవాణ్ణి గనక ఏ అర్జీ ఎవరికి రాయాలో, దానికి ఏమేం జతచేయాలో నాకు తెలుసు. అందుకని పిలిచారు. నాకూ అంతకు మించిన గొప్ప ఉద్దేశం ఏమీ లేదు. మధ్యాహ్నాలు పొద్దుపోయేది కాదు.

మొదటి అర్జీతోనే మా ఇద్దరికీ తగువు. నేను ‘తమరు దయతలచి’ అని మొదలుపెట్టాను.

“దయ కొట్టెయ్యండి బాబాయ్ గారూ,” అన్నారు ప్రెసిడెంటు గారు. “మన హక్కులకి చట్టం వచ్చి రెండేళ్ళయ్యింది. ఇంకా దయేంటండి?”

ముప్పై నాలుగేళ్ళ అలవాటు. కొట్టేశాక ఆ వాక్యం నాకు పై అధికారి ముందు చేతులు కట్టుకోకుండా నిలబడ్డ గుమస్తాలా కనిపించింది. అలవాటు పడడానికి కొన్ని నెలలు పట్టింది.

ఆ రోజుల్లోనే ఉప్పలగుప్తం వైపు ఊరి నుంచి ఒక అమ్మాయి వచ్చేది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఎడమచెయ్యి ఆ తొడమీద ఊని, అడుగు అడుగుకీ కాలిని నొక్కిపట్టి నడిచేది. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, ఊళ్ళో చర్చిలో ఆదివారం బడి పిల్లలకి పాఠాలు చెప్పేది. అప్పుడే టీచరు పోస్టులకి ప్రకటన పడింది. వికలాంగుల కోటాలో దరఖాస్తు పెట్టాలంటే వైకల్యం నలభై శాతానికి తగ్గకుండా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. గడువు ఇరవై రోజులు.

ఒక ప్రభుత్వాసుపత్రిలో సర్టిఫికెట్ల శిబిరం పెడితే వెళ్ళి, ఆ గురువారం కాయితం తెచ్చి నా బల్లమీద పెట్టింది. ముప్పై ఐదు శాతం.

“డాక్టరు గారు ఏమడిగేరమ్మా?” అన్నాను.

“నడవగలవా అని అడిగేరండి.”

“నువ్వేమన్నావు?”

“ఆయ్ అన్నానండి.”

“తరవాత?”

“మెట్లెక్కగలవా అన్నారండి. ఆయ్ అన్నానండి. బస్సెక్కగలవా అన్నారండి...”

“ఆయ్ అన్నావు!” ప్రెసిడెంటు గారు నెత్తి కొట్టుకున్నారు. “నీ ఆయ్ తగలెయ్యా! పని చేసుకు రమ్మంటే మర్యాద చేసొచ్చేవమ్మా!”

గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా వైపు పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఆయ్ అంటూ వింటాం. చాలాసార్లు అది వింటున్నామని చెప్పడమే, ఒప్పుకోవడం కాదు. ఆ డాక్టరు గారేమో కడప వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చారు. ఆయనకి ఆయ్ అంటే అవుననే. మూడు ప్రశ్నలకీ అవునని రాసేసుకున్నారు. శిబిరానికి వెళ్ళినవాళ్ళలో మరో ఇద్దరికి కూడా ఇదే జరిగిందని ఆ పూటే తేలింది.

ప్రెసిడెంటు గారు అక్కడికక్కడే డాక్టరు వేషం కట్టి తర్ఫీదు మొదలుపెట్టారు. నడవగలవా అంటే నడవలేనండి అనాలి. మెట్లెక్కగలవా అంటే ఎక్కలేనండి అనాలి. ఆయ్ అన్నవాళ్ళు అందరికీ టీ తెప్పించాలి.

“అర్థమయ్యిందాండి?” అని అడిగారు చివర్లో.

“ఆయ్,” అంది గదంతా.

ఆ అమ్మాయి నోట మాత్రం తన వంతు వచ్చినప్పుడు కూడా ‘నడవలేనండి’ అన్న మాట రాలేదు. అందరూ లేస్తుంటే నా బల్ల దగ్గరకి వచ్చింది.

“బాబాయ్ గారూ, నేను మర్యాదకి అన్లేదండి. నిజంగానే నడుస్తానండి. ట్రైనింగు రెండేళ్ళూ బస్సు దాకా నడిచే వెళ్ళేనండి. నడవలేనంటే నన్నెవరు చదివించేవారండి? ఇప్పుడు నా నోటితో లేనని ఎలా చెప్పనండి?”

“అబద్ధం చెప్పమని కాదమ్మా.”

“మరేంటండి?”

సాయంత్రం ఆ రోజు సంగతులు డైరీలో రాసుకుంటుంటే జవాబు తట్టింది. నడవగలవా అని అడిగారు గానీ, ఎలా నడుస్తావని ఆమెను ఎవరూ అడగలేదు. నేను చదువుకునే రోజుల నుంచీ డైరీలో రాస్తున్నది అదే: ఎన్నింటికి బయల్దేరాను, దారిలో ఏమైంది, ఎన్నింటికి చేరాను. ఆమె నడకనీ అలాగే రాస్తే సరిపోతుంది కదా అనిపించింది. లేనని చెప్పనక్కర్లేదు, ఆయ్ అననూ అక్కర్లేదు.

సోమవారం పొద్దున్న ఏడింటికల్లా వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇంటి గుమ్మం నుంచి బస్సు ఆగే చోటిదాకా ఆమె వెనకే నడుస్తానని చెప్పాను. నా చేతిలో వాచీ, నోటుపుస్తకం చూసి వాళ్ళమ్మ నవ్వింది.

“పొలాలు కొలిచేవారని విన్నానండి. మా అమ్మాయిని కూడా కొలుస్తారాండి?”

గుమ్మం దాటింది ఏడూ పదికి. కొబ్బరితోట మలుపులో మొదటిసారి ఆగింది, రెండు నిమిషాలు. అంతలో జల్లు పడింది. సంచిలో గొడుగు ఉన్నా తియ్యలేదు. ఎందుకని అడిగాను.

“ఒక చెయ్యి కాలికండి, ఒక చెయ్యి సంచికండి. మూడోది లేదు కదండీ,” అంది.

రాసుకున్నాను.

ఇంకొంచెం దూరం వెళితే పంటకాలవ. దానిమీద పక్కపక్కనే రెండు తాటిపట్టెలు వేసి వంతెన అనేవారు. పట్టుకోవడానికి ఏమీ లేదు. అక్కడ ఆమె ఆగి అటూ ఇటూ చూసింది.

“మీరు ముందెళ్ళండి బాబాయ్ గారూ.”

వెళ్ళాను.

“అటు తిరగండి.”

తిరిగి నిలబడ్డాను. ఆమె నా పక్కకి వచ్చేసరికి ఆరు నిమిషాలైంది. అరచేతులకి నాచు అంటి ఉంది. చూసినది మాత్రమే రాయడం నా పద్ధతి గనక ‘వంతెన: ఆరు నిమిషాలు’ అని రాసి ఊరుకున్నాను. మొత్తం నాలుగుచోట్ల ఆగి, బస్సు దగ్గరికి చేరేసరికి ఏడూ నలభై ఎనిమిది. తిరిగి అదే దారిన నేనొక్కణ్ణే నడిస్తే తొమ్మిది నిమిషాలు పట్టింది.

ఇదంతా శుభ్రంగా తిరగరాసి, మళ్ళీ పరీక్ష చేయవలసిందని కోరే అర్జీకి జతచేశాను. ప్రెసిడెంటు గారు సంఘం ముద్ర వేసి, బండి మీద రెండుసార్లు ఆసుపత్రి చుట్టూ తిరిగి ఒక తేదీ తెచ్చారు. ఆ తేదీ తరవాత గడువు ఇంక నాలుగు రోజులే.

నేనూ ఆమెతో లోపలికి వెళ్ళాను. డాక్టరు గారు మొదట చిరాకుపడ్డారు. “అవుననింది ఆ పాపే కదా సార్,” అన్నారు. తరవాత కాయితం అందుకుని చదవసాగారు. ఒకచోట వేలు ఆగింది.

“వంతెన కాడ ఆరు నిమిషాలేంది? అంత పొడుగు వంతెనా?”

“పది పన్నెండు అడుగులుంటుందండి,” అన్నాను.

“మరి?”

“నేను చూళ్ళేదండి.”

ఆయన ఆమె వైపు తిరిగారు. ఆమె బల్ల అంచు చూస్తోంది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. ఇప్పుడు తను నోరు విప్పకపోతే ఆ పోస్టు సంగతి మరిచిపోవలసిందే. అది నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

“అది నడిచి దాటనండి,” అంది చివరికి. “కూర్చుని జరుగుతానండి. ఎవరూ లేకుండా చూసుకుని జరుగుతానండి. ఎవరైనా వస్తుంటే, వాళ్ళు వెళ్ళేదాకా చెప్పు తెగినట్టు నిలబడతానండి. మా అమ్మకి కూడా తెలీదండి.”

డాక్టరు గారు కలం పక్కన పెట్టి లేచారు. “పండుకో తల్లీ,” అని పరీక్షబల్ల చూపించారు. శిబిరంలో రద్దీ వల్ల అది ఎక్కించనే లేదట. కాలెత్తమన్నారు, తన చేతిని తొయ్యమన్నారు, టేపు తీసి రెండు కాళ్ళూ కొలిచారు. పావుగంట పట్టింది. యాభై శాతం రాశారు. సంతకం పెడుతూ నాతో, “ఈ మాదిరి కాయితం అందరి కాడా రాయించుకోని రాండి సార్. నాకూ పని తొందరగా అయితాది,” అన్నారు.

బయట ప్రెసిడెంటు గారు బండి మీంచే కాయితం లాక్కుని చూసి, “యాభయ్యండీ!” అని ఆసుపత్రంతా వినపడేలా అరిచారు. ఆమె మాత్రం నవ్వలేదు.

“వంతెన సంగతి ఊళ్ళో తెలిసిపోద్దాండి?” అని నన్ను అడిగింది.

“నా వల్ల తెలీదమ్మా.”

“తెలిస్తే తెలియనివ్వండి లెండి. చెప్పు తెగిందని ఎన్నాళ్ళు నిలబడతానండి?”

ఇప్పుడిది రాయడానికి కూడా ఆమెను అడిగే రాస్తున్నాను.

దరఖాస్తు గడువుకి మూడు రోజుల ముందే వెళ్ళింది. ఆ తరవాత శిబిరానికి వెళ్ళే ప్రతివారికీ మా సంఘంలో అలాంటి కాయితం తయారుచేసేవాళ్ళం. చూపు లేనివాళ్ళు బస్సు నంబరు ఎలా తెలుసుకుంటారు, చెయ్యి లేనివాళ్ళు అన్నం ఎలా కలుపుకుంటారు, అన్నీ పక్కన ఉండి చూసి రాసేవాళ్ళం. మూడు నోటుపుస్తకాలు నిండాయి.

ఆమె పరీక్ష రాసింది, పోస్టు వచ్చింది. బడిలో చేరిన రెండోవారంలో సంఘం సన్మానం పెట్టింది. గురువారమే, మూడింటికి. శాలువా, బంతిపూల దండ బల్లమీద పెట్టుకుని అందరం ఎదురుచూస్తున్నాం. మూడున్నరయినా ఆమె రాలేదు. బూత్‌లో ఫోను మోగింది. బడి ఉన్న ఊళ్ళోని బూత్ నుంచి బడి ఆయమ్మ చేసింది. టీచరు గారు చెప్పి రమ్మన్న మాట ఒప్పచెప్పింది. ప్రెసిడెంటు గారు విని పెట్టేసి, లోపలికి బండి తిప్పుకుని వచ్చారు.

“టీచరు గారు రారంటండి. నాలుగో తరగతికి భాగహారాలు మొదలెట్టేరంట, మధ్యలో వదిలి రావడం కుదరదంట. పనిరోజున సన్మానమేంటని మనకే చీవాట్లండి. ఆదివారం ప్రార్థన అయ్యాక పెట్టుకుంటే వస్తారంట.”

దండని తడిగుడ్డలో చుట్టి, కిటికీలో చల్లగా ఉండే చోట పెట్టాం.